బీటెక్ మెకానికల్ తరువాత మాథమెటికల్ మోడలింగ్‌లో పీజీ చేయవచ్చా? అందులో ఏం నేర్పుతారు?

మీరు అడిగినవి రెండు: మెకానికల్ చదివినవారికి మాథమెటికల్ మోడలింగ్‌లో పీజీ సీటు వస్తుందా, వస్తే అక్కడ నేర్పేది నిజంగా ఏమిటి? నేనూ మెకానికల్ నుంచే ఇటు వచ్చాను కనుక నాకు ఎదురైనది చెబుతాను.

బీటెక్ చివరి సంవత్సరంలో జర్మనీలోని మూడు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేస్తే మూడూ తిరస్కరించాయి. మార్కులు తక్కువై కాదు. నా మార్కుల జాబితాలో గణితం కింద లెక్కకు వచ్చేవి నాలుగే సబ్జెక్టులు. రియల్ అనాలిసిస్ (కలనగణితాన్ని నిరూపణలతో నేర్పే సబ్జెక్టు) అసలే లేదు. అక్కడి గణిత విభాగాలు డిగ్రీ పేరు కన్నా గణితంలో ఎన్ని క్రెడిట్లు ఉన్నాయన్నదే ముందు చూస్తాయి. అందువల్ల ఐఐటీలు నిర్వహించే జామ్ పరీక్షలో గణితం పేపరు రాసి, ఇక్కడే రెండేళ్ళ ఎమ్మెస్సీ చేసి, ఆ తరువాత మళ్ళీ ప్రయత్నించాను. అంత దూరం తిరగడం ఇష్టం లేకపోతే, గేట్ స్కోరుతో బెంగళూరు ఐఐఎస్‌సీలోని కంప్యుటేషనల్ అండ్ డేటా సైన్సెస్ విభాగంలో ఎంటెక్ ఉంది. ఇంజనీర్లకు అది దగ్గరి దారి.

ఇక రెండవ ప్రశ్న. ఈ చదువంటే పెద్ద సమీకరణాలను కంప్యూటర్‌తో సాధించడమని నేను కూడా అనుకునేవాణ్ణి. ఎమ్మెస్సీ రెండవ సంవత్సరంలో ధాన్యం ఆరబెట్టడం మీద ప్రాజెక్టు తీసుకున్నాను. కోత సమయంలో వాన పడితే ధాన్యంలో తేమ 17 శాతానికి దిగక, కొనుగోలు కేంద్రం దగ్గర రోజుల తరబడి కాపలా కాసే రైతుల ఇంట్లో పెరిగినవాణ్ణి కనుక ఆ విషయం నాకు పరాయిది కాదు. గింజను 1 మిల్లీమీటరు వ్యాసార్థమున్న గోళమనుకొని, దాన్ని 200 పొరలుగా విడగొట్టి, తేమ వ్యాపన సమీకరణానికి ప్రోగ్రాము రాశాను. నాలుగు నిమిషాలు నడిచాక తెరమీద గింజలో తేమ మైనస్ 300 శాతమని వచ్చింది. రెండు వారాలు ప్రోగ్రాములోనే తప్పు వెతికాను.

మా గైడుగారు ప్రోగ్రాము చూడనే లేదు. "సమీకరణం సాధించకుండా, గింజ ఆరడానికి ఎంతసేపు పడుతుందో చెప్పండి" అన్నారు. గింజలో తేమ కదిలే గుణకం సెకనుకు చదరపు మీటరులో సుమారు పదివేల కోట్లవ వంతు. వ్యాసార్థపు వర్గాన్ని ఆ గుణకంతో భాగించి, గోళానికి వచ్చే π వర్గంతో (π², అంటే ఇంచుమించు 10తో) మళ్ళీ భాగిస్తే దాదాపు 10,000 సెకన్లు, అంటే రెండుముప్పావు గంటలు వస్తుంది. అదే కాగితం మీద నా తప్పు కూడా బయటపడింది: అంత సన్నని పొరలకు కాలపు అంగ, అంటే ప్రోగ్రాము ఒక్కో లెక్కకు ముందుకు జరిపే కాలం, 1.25 సెకన్లకు మించితే లెక్క అదుపు తప్పుతుంది, నేను 5 సెకన్లు పెట్టాను.

ఆ ఒక్క సంఖ్య ఇంకా చాలా చెప్పింది. గాలి వేగం ఎంత పెంచినా లోపలి తేమ పైకి రావడానికి గంటలు పడుతుంది కనుక, డ్రయ్యరులో వేడిని పెంచి తొందరపెడితే పైపొర ముందే బిగుసుకొని గింజ పగులుతుంది, మరపట్టినప్పుడు నూక ఎక్కువవుతుంది. కాసేపు ఆరబెట్టి, కాసేపు గింజను ఊరకే ఉంచి, మళ్ళీ ఆరబెట్టే మిల్లుల పద్ధతికి కారణం ఇదే. ఏది నెమ్మది, ఏది వేగం, దేన్ని వదిలేయవచ్చు అని సమీకరణం ముట్టుకోకముందే తేల్చుకోవడమే మోడలింగ్ అని నాకు అప్పుడు అర్థమైంది. సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఆరు నెలల్లో నేర్చుకుంటారు. ఈ తీర్పు మాత్రం పక్కన కూర్చోబెట్టుకొని నేర్పేవారుంటేనే వస్తుంది.

అందుకే కోర్సును ఎంచుకునేటప్పుడు సిలబస్ కన్నా, విద్యార్థులకు ఇచ్చే సమస్యలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. ఈ విషయంలో జర్మనీలోని కైజర్స్‌లాటర్న్ విశ్వవిద్యాలయానికి ఎప్పటినుంచో పేరుంది. ఫ్రౌన్‌హోఫర్ సంస్థ వారి పారిశ్రామిక గణిత కేంద్రం ఆ ఊళ్ళోనే ఉంది, పరిశ్రమల నుంచి వచ్చే సమస్యల మీదే అది పనిచేస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇదే రంగంలో ఒక ఏడాది ఎమ్మెస్సీ ఉంది కానీ ఫీజు చాలా ఎక్కువ. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు. అయితే బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మన విద్యార్థుల నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటారు. వీసాకు ఏపీఎస్ ధ్రువపత్రం (మన సర్టిఫికెట్లు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చేది) కావాలి. దానికి సమయం పడుతుంది కనుక ముందే మొదలుపెట్టండి.

రెండవసారి దరఖాస్తు చేసినప్పుడు నా ఆసక్తుల గురించిన వాక్యాలన్నీ తీసివేసి, ఆ ధాన్యపు గింజ లెక్కను మైనస్ తేమతో సహా ఒక పేజీలో రాశాను. ఇంటర్వ్యూలో నలభై నిమిషాలూ ఆ పేజీ మీదే ప్రశ్నలు వేశారు. మీ హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్ రికార్డులో అటువంటి లెక్క ఒకటి తప్పకుండా ఉంటుంది. ఈ వారమే తీసి చూడండి.