సీ డ్రైవ్‌లో పాత విండోస్ తిష్ఠ!

ప్రశ్న: ల్యాప్‌టాప్‌ని విండోస్ 10 నుంచి 11కి మార్చాను. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. సీ డ్రైవ్ గీత ఎర్రబడింది. ‘విండోస్.ఓల్డ్’, ‘విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్’ ఫోల్డర్లు జీబీలకు జీబీలు తినేస్తున్నాయి. ప్రోగ్రామ్‌ల జాబితాలో విజువల్ సీ++ 2008, 2010, 2013 అంటూ అరడజను ఉన్నాయి. అన్నీ పాత సామానే కదా, తీసేయనా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆగండాగండి! ఈ మూడూ ఒక కోవలోవి కావు.

విండోస్.ఓల్డ్‌ని తీసేయొచ్చు. 11 నచ్చకపోతే మళ్లీ 10కి వెళ్లడానికి దాచిన పాత సిస్టమ్ అది. మామూలుగా 10 రోజులు దాటితే విండోసే దాన్ని తొలగిస్తుంది. అంతదాకా ఆగలేకపోతే ముందు ప్రింటరు, వైఫై, డిజిటల్ సంతకం టోకెన్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. ఆ ఫోల్డర్‌లోని ‘యూజర్స్’లో మీ ఫైళ్లేమైనా మిగిలాయేమో కూడా చూడండి. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’కి టిక్ పెట్టి తీసేయండి. మామూలుగా డిలీట్ కొడితే పర్మిషన్ లేదంటూ మొరాయిస్తుంది.

విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ జోలికి మాత్రం నేరుగా వెళ్లొద్దు. విండోస్ తన సొంత భాగాలను, అప్‌డేట్ల ఫైళ్లను దాచుకునే చోటు అది. దాని సైజు చూసి టెన్షన్ పడక్కర్లేదు. వీధి వాకిలి, పెరటి వాకిలి ఉన్నంత మాత్రాన ఇల్లు రెండు కాదు కదా! అందులోని చాలా ఫైళ్లు సిస్టమ్32 లాంటి విండోస్ ఫోల్డర్లలో కనిపించే ఫైళ్లే. ఇలా ఒకే ఫైలును రెండు చోట్ల చూపించే లంకెల్ని హార్డ్ లింకులు అంటారు. ఎక్స్‌ప్లోరర్ ఒకే ఫైలును రెండుసార్లు లెక్కేస్తుంది. చేత్తో డిలీట్ చేస్తే అప్‌డేట్లు ఆగిపోవచ్చు, అసలు విండోసే తెరుచుకోకపోవచ్చు. డిస్క్ క్లీనప్‌లో ‘క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్’ నొక్కి, ‘విండోస్ అప్‌డేట్ క్లీనప్’ ఎంచుకుంటే పనికిరాని పాత ఫైళ్లను అదే ఏరేస్తుంది. ఆ తర్వాత పాత అప్‌డేట్లను వెనక్కి తీసుకునే వీలుండదు.

ఇక విజువల్ సీ++. వేరే సాఫ్ట్‌వేర్లు నడవడానికి కావాల్సిన డీఎల్ఎల్ అనే సహాయక ఫైళ్ల ప్యాకేజీలివి. ఇక్కడ నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. మా బావమరిది మందుల షాపు కంప్యూటర్‌లో ‘శుభ్రం’ చేస్తూ 2010ది పీకేశాను. మర్నాడు పొద్దున్నే ఫోన్: ‘‘బావా, బిల్లింగ్ తెరుచుకోవట్లేదు, ఎంఎస్‌వీసీఆర్100.డీఎల్ఎల్ లేదంటోంది.’’ 2013 వచ్చింది కాబట్టి 2010 అక్కర్లేదని అనుకోవడమే నా పొరపాటు. ఏ సాఫ్ట్‌వేర్‌ని ఏ వెర్షన్‌తో తయారుచేశారో దానికి అదే కావాలి. 2015 నుంచి వచ్చినవి మాత్రం ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. ఎలాగూ ఒక్కోటి కొన్ని ఎంబీలే, తీసేసినా మీకు ఒరిగేదేం లేదు.

అలా ఎర్రర్ వస్తే విడి డీఎల్ఎల్‌లు పంచే సైట్ల వైపు వెళ్లకండి, వైరస్ ఎక్కించుకున్నట్టే. మైక్రోసాఫ్ట్ సైట్‌లోని ప్యాకేజీనే వేసుకోండి. నేను ముందు 64 బిట్‌ది వేశాను, ఎర్రర్ పోలేదు. ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ది మరి! ఎక్స్86, అంటే 32 బిట్ ప్యాకేజీ కూడా వేశాకే బిల్లు ప్రింటయింది.