కరెంటు పెడితే మోకాలి నొప్పి తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మకు అరవై దాటాయి, మోకాళ్లు అరిగాయన్నారు. ఫిజియోథెరపీలో టెన్స్ మెషిన్ (చర్మానికి ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు పంపేది) పెడుతున్నారు. పెట్టినంతసేపూ హాయిగా ఉంటుందంటుంది, ఇంటికొచ్చిన రెండు గంటలకు మళ్లీ అదే నొప్పి. ఒక మెషిన్ కొనేద్దామా? కరెంటుతో నరాలు దెబ్బతింటాయని బంధువులు భయపెడుతున్నారు. నాన్నకు భుజం నొప్పి, ఆయనకూ వాడొచ్చా? ఆయనకు పేస్‌మేకర్ ఉంది.

జవాబు: ముందు నాన్నగారి సంగతి. వద్దు. మెషిన్ పంపే కరెంటు పల్సులను పేస్‌మేకర్ గుండె కొట్టుకోవడమే అనుకుని, తాను ఇవ్వాల్సిన సిగ్నల్ ఆపేసే ప్రమాదం ఉంది, పైగా భుజమంటే దానికి పక్కనే. గుండె డాక్టర్ సరేననకుండా ‘కాసేపు పెట్టి చూద్దాం’ అని కూడా అనుకోవద్దు.

ఇక అమ్మగారు. నరాలు దెబ్బతింటాయన్న భయం అక్కర్లేదు. బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె అది, మైక్రోసెకన్లలో ముగిసే పల్సులు పంపుతుంది. మోచెయ్యి తలుపుకు తగిలితే గబుక్కున రుద్దుకుంటాం కదా, ఆ రుద్దుడుకి కాస్త ఊరట ఎందుకొస్తుందంటే స్పర్శను మోసే నరాలు చురుగ్గా ఉన్నప్పుడు నొప్పి కబురు వెన్నుపాము దగ్గరే కొంత ఆగిపోతుంది. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో చెప్పిన ‘గేట్’ సిద్ధాంతం ఇదే, టెన్స్ దాని మీదే నిలబడింది. అంటే కబురు ఆగుతుంది గానీ అరిగిన కీలు బాగుపడదు, కాబట్టి రెండు గంటలకు నొప్పి తిరిగి రావడంలో వింతేమీ లేదు.

నిజం చెప్పాలంటే దీని మీద పరిశోధనల ఫలితాలు ఒకలా లేవు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో కీళ్ల అరుగుదలకు టెన్స్ వాడొద్దనే చెప్పింది, మేలు చేస్తుందనడానికి ఆధారాలు చాలవని. మరి అమ్మగారికి హాయిగా ఉందంటున్నారు కదా, ఆవిడ మాట నేను కొట్టిపారెయ్యను. ఆ రెండు గంటలు ఏం చేస్తున్నారన్నదే నా ప్రశ్న. పడుకుంటే మెషిన్ దండగ. ఫిజియో నేర్పిన తొడ కండరాల వ్యాయామం, కాస్త నడక అప్పుడే చేయించండి, మోకాలికి అసలు మందు అదే.

కొనేముందు ఫిజియో దగ్గరే సెట్టింగులు నేర్చుకోండి. చాలామంది భయపడి కరెంటు మరీ తక్కువ పెట్టుకుని ‘పనిచెయ్యట్లేదు’ అంటారు. జుమ్మని గట్టిగా తెలియాలి, నొప్పి పుట్టకూడదు. సాధారణంగా సెకనుకు 80 నుంచి 100 పల్సులతో అరగంట పెడతారు. రోజూ ఒకే సెట్టింగుతో వాడితే ఒంటికి అలవాటై ప్రభావం తగ్గొచ్చు, అప్పుడప్పుడు మార్చాలి. బామ్ రాసిన చర్మం మీద, పుండ్ల మీద, స్పర్శ తెలియని చోట ప్యాడ్లు వద్దు (షుగర్ ఉండి కాళ్లు మొద్దుబారితే మరీ జాగ్రత్త, కాలినా తెలియదు). మెడ ముందు భాగం, ఛాతీ జోలికి అసలు పోవద్దు. జిగురు పోయిన ప్యాడ్ మార్చెయ్యండి, సరిగ్గా అంటుకోకపోతే కరెంటంతా ఒకే చోట చురుక్కుమంటుంది. పెట్టుకుని నిద్రపోకూడదు. అన్నట్టు, ఈఎమ్మెస్ అని అచ్చం ఇలాగే ఉండే మెషిన్లు వస్తాయి, అవి కండరాన్ని బిగపట్టించేవి, పెట్టె మీద పేరు చూసి కొనండి.

మోకాలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పుట్టినా మెషిన్ పక్కన పెట్టి అదే రోజు డాక్టర్‌కి చూపించండి.