చేతితో చేసిన లేటెక్స్ కోటును మన ఉక్కపోతలో, మన ఇళ్లలో ఎలా కాపాడుకోవాలి?

మీరు మూడు సంగతులు అడిగారు. మీ అన్నయ్య చేయించి పంపిన తెల్లని లేటెక్స్ (రబ్బరు చెట్టు పాలతో చేసే పలుచని రబ్బరు) కోటు మీద గోధుమ రంగు మచ్చలు ఎందుకు వచ్చాయని, మడత పెట్టినచోట అది ఎందుకు అంటుకుపోతోందని, దానిని ఉతికించి ఇస్త్రీకి ఇవ్వవచ్చునా అని. మీది విజయనగరం, నాది శ్రీకాకుళం. కాబట్టి మీ ఇంటి గాలి, నీరు, అలవాట్లు నాకు తెలియనివి కావు. నేను బట్టలు కుడతాను. 2017లో మా తమ్ముడు డిజైన్ చదువు చివరి ఏడాదిలో నా కొలతలకు ఒక లేటెక్స్ కోటు చేసి ఇచ్చాడు. దానిని రెండేళ్లు తిరగకుండానే పాడుచేసుకున్నాను. 2019లో వాడే చేసిచ్చిన రెండవ కోటు మాత్రం ఈనాటికీ కొత్తదానిలాగే సాగుతోంది.

ఇస్త్రీ వద్దు, వాషింగ్ మెషిన్ వద్దు, డ్రై క్లీనింగ్ అసలే వద్దు. డ్రై క్లీనింగ్‌లో వాడే ద్రావకాలకు రబ్బరు ఉబ్బిపోతుంది, అతుకులు ఊడిపోతాయి. లేటెక్స్ కోటులో కుట్టు ఉండదు. సూది దిగినచోటి నుంచే చిరుగు పాకుతుంది కనుక, అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే పలుచని రబ్బరు షీట్లను కత్తిరించి, అంచులను రబ్బరు జిగురుతో అతుకుతారు.

మా అత్తగారికి పొందూరు ఖద్దరు చీరలంటే ప్రాణం. వాటిని ఉతికి, గంజి పెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేసి, బీరువాలో పాత దినపత్రిక పరచి, మూలకు రెండు కలరా ఉండలు వేసి దాచడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. పత్తికి మేలు చేసే ఆ పద్ధతులనే రబ్బరు మీద ప్రయోగించడం వల్ల నా మొదటి కోటు పోయింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు, వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు, ఓజోన్‌కు రబ్బరు అణువుల గొలుసులు తెగిపోతాయి. అప్పుడు అది మెత్తబడి జిగురుగానైనా మారుతుంది, ఎండి పగుళ్లైనా బారుతుంది. దినపత్రిక అక్షరాలు నా కోటు వీపు మీద తిరగేసి దిగాయి, ఎంత కడిగినా పోలేదు. కలరా ఉండల ఆవిరి కూడా రబ్బరుకు మంచిది కాదు.

ఇక మచ్చల సంగతి. అవి వేలిముద్రల ఆకారంలో ఉన్నాయని మీరు వ్రాయగానే నాకు కారణం తోచింది. మా ఇంట్లో బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి దీపపు కుందులు నాలుగు ఉన్నాయి. ఒక పండుగకు ముందు రోజు వాటిని చింతపండుతో తోమి, చేతులు తువ్వాలుతో తుడుచుకుని, అదే చేత్తో కోటును బీరువాలో నుంచి తీశాను. అప్పటికి ఏమీ కనిపించలేదు. కొన్ని రోజుల తరువాత చూస్తే కాలరు దగ్గర నాలుగు వేళ్ల గుర్తులు, బొటనవేలి గుర్తుతో సహా, కాఫీ మరకల్లాగా తేలాయి. ఇత్తడిలో ఉండేది రాగి, జింకు. రబ్బరు గట్టిపడడానికి కలిపే గంధకపు రసాయనాలతో రాగి కలిసి ఆ గోధుమ రంగు పుడుతుంది. అది పైకి అంటిన మురికి కాదు, లోపల జరిగిన రసాయన చర్య. అందుకే సబ్బుకు, నిమ్మరసానికి, దేనికీ లొంగదు. మీ మచ్చలు కూడా పోతాయని నేను చెప్పలేను, క్షమించండి. కొత్తవి రాకుండా మాత్రం చూసుకోగలరు. ఇత్తడి, రాగి, కంచు సామాను, నాణేలు, తాళంచెవులు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే కోటును తాకకండి. వన్ గ్రామ్ గోల్డ్ గాజులు, గొలుసులలో చాలావాటికి లోపలిది రాగో ఇత్తడో అయి ఉంటుంది కాబట్టి వాటిని కోటు మీద వేసుకోవద్దు. లోహపు హ్యాంగరు కూడా వద్దు, ప్లాస్టిక్‌దే వాడండి, భుజం దగ్గర వెడల్పుగా ఉన్నది చూసి.

అంటుకుపోవడానికి రెండు కారణాలు ఉంటాయి, మీది ఏదో ముందు తేల్చుకోవాలి. శుభ్రమైన లేటెక్స్ ఒకదానికొకటి అంటుకోవడం దాని సహజ గుణం. పౌడరు లేకపోతే కొత్త కోటైనా అంటుకుంటుంది. కోటును కడిగి, ఆరబెట్టి, పౌడరు అద్ది, ఆ మడత దగ్గర వేలితో నొక్కి చూడండి. వేలు సునాయాసంగా జారితే భయం లేదు. వేలిముద్ర దిగబడి, ఆ చోటు బంకగా తగిలితే రబ్బరు చెడిపోవడం మొదలైంది. మన ఇళ్లలో దానికి తరచు కారణం నూనె. మొదటి కోటు మోచేతి దగ్గర కాస్త పొడిబారినట్టు కనబడితే మా అమ్మమ్మ ఎంతో ప్రేమగా కొబ్బరినూనె రాసి ఉంచింది. "తోలు చెప్పులాగా మెత్తబడుతుందనుకున్నానే అమ్మా" అంది పాపం. నెల తిరగకుండా ఆ చోటు ఉబ్బి, సాగి, తిరిగి ముడుచుకోలేదు. తలనూనె, ఒంటికి రాసుకునే క్రీములు, వాసెలిన్, జీడిపప్పు ఒలిచిన చేతుల జిడ్డు, అన్నీ అంతే. జడకు నూనె రాసుకున్న రోజున నేను కోటు వేసుకోను.

కడగడం కష్టమేమీ కాదు. వేసుకున్న ప్రతిసారీ, చెమట ఆరకముందే కడగండి. ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీరు పోసి, పాత్రలు కడిగే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి, కోటును లోపలివైపు బయటికి తిప్పి, అరచేతితో నిమరండి. పిండవద్దు, రుద్దవద్దు, గోళ్లు తగలనివ్వవద్దు. మా బోరు నీరు ఆరాక తెల్లని ఉప్పు చారలు వదులుతుంది కనుక చివరిసారి ఫిల్టరు నీటితో జాడిస్తాను. తడిసిన లేటెక్స్ అక్కడక్కడ పాలిపోయినట్టు కనిపిస్తుంది. నీరు పీల్చుకోవడం వల్ల అలా అవుతుంది, ఆరితే పోతుంది. నీడలో వేలాడదీసి, ఒక వైపు ఆరాక రెండవ వైపు తిప్పండి. మన తీరంలో వర్షాకాలం అది ఒక్కొక్కప్పుడు రోజంతా తీసుకుంటుంది, తొందరపడి హెయిర్ డ్రయ్యరు పెట్టకండి. పూర్తిగా ఆరాక లోపల, బయట పలుచగా టాల్కం పౌడరు అద్దండి. మెరుపు కావాలంటే వేసుకున్నాక సిలికాన్ ద్రవం రెండు చుక్కలు చాలు.

నేను రెండవ కోటును అచ్చులేని తెల్ల కాగితంలో చుట్టి, బీరువాలో కింది అరలో, మడత గట్టిగా పడకుండా పెడతాను. వేడి, ఓజోన్ తగలకుండా మిద్దె మీది గదిలో, అటక మీద, మోటారు, ఇన్వర్టరు పక్కన పెట్టను. మీది తెల్ల కోటు కనుక ముదురు రంగు రబ్బరుకు ఆనించి ఉంచకండి, ఆ రంగు దీనికి దిగుతుంది.

చిన్న చిరుగు పడితే సైకిలు ట్యూబుకు పంక్చరు వేసినట్టే. చేసినవారిని అడిగి అదే షీటు ముక్క, అదే జిగురు తెప్పించుకోండి. ముక్క మూలలను గుండ్రంగా కత్తిరించి, పౌడరు తుడిచి, రెండు వైపులా పలుచగా జిగురు రాసి, తడి పోయేవరకు ఆగి, మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ అతికించండి. మర్నాటి వరకు దానిని సాగదీయవద్దు.