విస్కీ సవర్: పాళ్లు ఎక్కడ తప్పుతున్నాయి?

విస్కీ, నిమ్మరసం, పంచదార పాకం కలిపి చేసే కాక్‌టెయిల్ విస్కీ సవర్. దాన్ని ఇంట్లో కలుపుకోవడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. వేరేగా చెప్పని చోట కొలతలన్నీ ఒక గ్లాసుకే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యానికి 21 ఏళ్లు నిండి ఉండాలన్నది గుర్తుంచుకోండి.

ప్రశ్న: 60 మి.లీ. విస్కీ, 30 మి.లీ. నిమ్మరసం, 20 మి.లీ. పంచదార పాకం అని వీడియోల్లో చెప్పినట్టే పోస్తున్నాం. ప్రతిసారీ పళ్లు పులిసిపోయేంత పులుపు, చివర్లో చేదు. విస్కీ మార్చాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: విస్కీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ కొలత పసుపుపచ్చ లెమన్‌ని బట్టి రాసింది. అమెరికాలో, యూరప్‌లో వాడే ఆ కాయ పెద్దది, తొక్క మందం, రసంలో ఘాటు తక్కువ. గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి మన బజార్లకి వచ్చే నిమ్మ వేరే జాతి. కాయ చిన్నది, తొక్క బాగా పల్చన. గట్టిగా పిండితే తొక్కలోని నూనె, లోపలి తెల్లపొర చేదు రసంలోకి దిగిపోతాయి. అందుకని మన నిమ్మతో చేసేటప్పుడు 60 మి.లీ. విస్కీ, 20 మి.లీ. రసం, 22 మి.లీ. పాకం దగ్గర మొదలుపెట్టండి.

కాయకీ కాయకీ పులుపు మారుతుంది కాబట్టి, విస్కీ పోయకముందే రసం, పాకం కలిపి ఒక చెంచాలోకి తీసి, అంతే నీళ్లు చేర్చి రుచి చూడండి. కాస్త చిక్కటి నిమ్మకాయ షర్బత్ రుచి రావాలి. పులుపే ముందుకొస్తుంటే మరో అరచెంచా పాకం. ఈ దశలో సరిదిద్దడం తేలిక. విస్కీ, ఐసు పడ్డాక చల్లదనం తీపిని అణిచేస్తుంది, ఎంత తగ్గిందో నాలుకకి అందదు.

ఇక చేదు సంగతి. కాయని అరచేత్తో బల్లమీద నొక్కి దొర్లించి, అడ్డంగా కోసి, రసం ధారగా వచ్చినంతవరకే పిండండి. ఆఖరి బొట్టు కోసం తొక్క నలిగేలా నొక్కొద్దు. మధ్యరకం కాయకి 10 నుంచి 12 మి.లీ. రసం వస్తుంది కాబట్టి గ్లాసుకి రెండు కాయలు సరిపోతాయి. రసం అప్పటికప్పుడు పిండాలి. రాత్రి పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసంలో వాసన చచ్చిపోతుంది, చేదు తేలుతుంది. సీసాల్లో అమ్మే నిమ్మరసం అసలు వద్దు. ఇన్నీ చూసుకున్నాక కూడా కొంచెం చేదు మిగిలితే ఉప్పు రెండు రవ్వలు వేయండి, అది చేదుని కప్పేస్తుంది.

పెగ్గు కొలిచే జిగ్గర్ లేకపోతే దగ్గుమందు సీసాతో వచ్చే కొలత మూతని శుభ్రంగా కడిగి వాడుకోవచ్చు. దానిమీద 5, 10, 15 గీతలు ఉంటాయి. కంటి అంచనాతో మాత్రం ఈ డ్రింక్ కుదరదు. ఇందులో 5 మి.లీ. తేడా కూడా నాలుకకి తెలిసిపోతుంది.

ప్రశ్న: బర్బన్ (అమెరికన్ విస్కీ) ధర అందుబాటులో లేదు. మామూలుగా దొరికే ఇండియన్ విస్కీతో చేయొచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చేయొచ్చు. బర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవ ఉండాలి. ఆ తీపి, వెనిలా వాసన అక్కడినుంచే వస్తాయి. అందుకే అది నిమ్మకి బాగా జోడీ కుదురుతుంది. మన దగ్గర మామూలు ధరలో దొరికే విస్కీల్లో చాలావాటికి ఆధారం చెరకు మొలాసిస్ (మడ్డి) నుంచి తీసిన స్పిరిట్, అందులో కొంత మాల్ట్ కలుపుతారు. ఓక్ వాసన పల్చగా ఉంటుంది. కాబట్టి తెల్ల పంచదార పాకం బదులు బెల్లం పాకం వాడితే లోటు కొంత తీరుతుంది. పొగవాసన గట్టిగా ఉండే స్కాచ్ మాత్రం మామూలు సవర్‌కి పనికిరాదు. దానికి తేనె, అల్లం తోడు కావాలి, అది వేరే డ్రింక్. ఖరీదైన సింగిల్ మాల్ట్ ఉంటే దాన్ని ఇందులో పోయకండి, నిమ్మ దాని రుచిని కప్పేస్తుంది.

మన సీసాలమీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 60 మి.లీ.లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంది. తీపి, పులుపు కలిసి దాని ఘాటుని దాచేస్తాయి, షర్బత్‌లా గబగబా దిగిపోతుంది. రెండో గ్లాసుకి ముందు కాసేపు ఆగండి. తాగినవాళ్లెవరూ బండి తాళం ముట్టుకోకూడదు.

ప్రశ్న: పాకం కాచి సీసాలో పోసి పెట్టాను. మర్నాటికి అడుగున కలకండలా పేరుకుంది. ఎక్కడ పొరపాటు? బెల్లం, తేనె వాడితే పద్ధతి మారుతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు తీగపాకం దాకా కాచేశారండీ. దీనికి పాకం రానవసరమే లేదు. 100 గ్రాముల పంచదార, 100 మి.లీ. నీళ్లు తూచి తీసుకోండి. నీళ్లు వేడయ్యాక పంచదార వేసి, కరిగేదాకా తిప్పి, మరగకముందే దించేయండి. దాదాపు 160 మి.లీ. వస్తుంది, అంటే ఏడు గ్లాసులకి సరిపడా. ఎక్కువసేపు మరిగితే నీరు ఆవిరైపోయి పంచదార శాతం పెరుగుతుంది. మీకు పేరుకుపోయింది అందుకే. అలాంటి పాకం 22 మి.లీ. పోస్తే తీపి కూడా లెక్క తప్పుతుంది. వేడినీళ్లతో కడిగిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు వారాలు బాగుంటుంది. మబ్బుపట్టినట్టు కనిపిస్తే పారబోయండి.

బెల్లానికీ అదే బరువు లెక్క. కాకపోతే బెల్లంలో ఇసుక, చెరకు పీచు ఉంటాయి కాబట్టి పలచటి గుడ్డలో వడకట్టాలి. వారంలోపు వాడేయాలి. తేనెని నేరుగా పోస్తే ఐసు తగలగానే గడ్డకట్టి షేకర్ (డ్రింక్‌ని ఊపి కలిపే మూత ఉన్న పాత్ర) అడుగుకి అతుక్కుంటుంది. రెండు పాళ్ల తేనెకి ఒక పాలు గోరువెచ్చటి నీళ్లు కలిపి వాడండి. తీపి ఎక్కువ కాబట్టి 18 మి.లీ. చాలు. పొడి పంచదార గ్లాసులో వేసి కలిపితే మాత్రం చల్లటి విస్కీలో సగం కరగకుండా అడుగునే ఉండిపోతుంది.

ప్రశ్న: గుడ్డు తెల్లసొన వేస్తే నురగ నిమిషంలో చచ్చిపోతోంది, పైగా నీచు వాసన. తెల్లసొన తప్పనిసరా? పచ్చిది తాగడం క్షేమమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తప్పనిసరి కాదు. అది రుచి కోసం కాదు, నోట్లో మెత్తదనం కోసం. పులుపు కోసని కాస్త గుండ్రంగా చేస్తుంది. వేయకపోయినా అది విస్కీ సవరే.

నురగ నిలవకపోవడానికి మొదటి కారణం కొవ్వు. పచ్చసొన చుక్క కలిసినా, జాడీకి నూనె జిడ్డు అంటుకుని ఉన్నా తెల్లసొన పొంగదు. గుడ్డుని నేరుగా షేకర్‌లో కొట్టకుండా వేరే గిన్నెలో కొట్టి, శుభ్రంగా ఉన్న తెల్లసొన 15 మి.లీ., అంటే ఒక గుడ్డులో దాదాపు సగం, కొలిచి పోయండి. రెండో కారణం ఐసుతో కలిపి ఒకేసారి గిలకొట్టడం. చల్లదనంలో తెల్లసొన తొందరగా విచ్చుకోదు. ముందు ఐసు లేకుండా విస్కీ, రసం, పాకం, తెల్లసొన వేసి 15 నుంచి 20 సెకన్లు గట్టిగా ఊపండి. ఈ దశలో లోపల ఒత్తిడి పెరిగి మూత తన్నుకు రావచ్చు, అందుకని అరచేత్తో మూతని అదిమి పట్టుకోండి. తర్వాత ఐసు వేసి మరో 12 సెకన్లు. సన్నటి జల్లెడలో వడకట్టి గ్లాసులో పోశాక అరనిమిషం కదపకుండా వదిలేస్తే, కింద గోధుమరంగు ద్రవం, పైన వేలెడు మందాన తెల్లటి నురగ విడిపోయి కనిపిస్తాయి. అలా కనిపిస్తే బాగా కుదిరినట్టే.

నీచు వాసన వచ్చేది ఆ నురగలోంచే. ముక్కుకి మొదట తగిలేది అదే కదా. అంగోస్టురా బిట్టర్స్ (మూలికలు, మసాలాల ఘాటైన చేదు సారం) మూడు చుక్కలు నురగమీద వేయడం ఇందుకే, ఊరికే అందానికి కాదు. అది లేకపోతే జాజికాయని పైనుంచి కొద్దిగా తురమండి.

క్షేమం మాటకొస్తే, నిమ్మరసం, విస్కీ కలిసి గుడ్డులోని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాని చంపేస్తాయని చాలామంది నమ్ముతారు. గ్లాసులో అవి ఉండే కాసేపట్లో అలా జరుగుతుందని భరోసా లేదు. పెంకు పగలని, తాజా, ఫ్రిజ్‌లో ఉంచిన గుడ్డే వాడండి. పాశ్చరైజ్ చేసిన తెల్లసొన దొరికితే మరీ మంచిది, నురగ కాస్త తగ్గుతుంది, అంతే. వృద్ధులు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లు పచ్చి గుడ్డు జోలికి వెళ్లొద్దు.

ప్రశ్న: మా ఇంట్లో గుడ్డు వాడం. ఆ నురగ మరోలా తెప్పించవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు వాడండి. ఉప్పు వేయకుండా ఉడికించి, ఆ నీళ్లని వేళ్లకి కాస్త జిగురుగా తగిలేదాకా మరిగించి, చల్లార్చి, 20 మి.లీ. పోయండి. ఊపే పద్ధతి పైన చెప్పిందే. శనగల వాసన కొంచెం ఉంటుంది, కాబట్టి బిట్టర్స్ గానీ జాజికాయ గానీ మానకండి.

ప్రశ్న: షేకర్ లేదు. ఊరగాయ జాడీలో కలిపితే డ్రింక్ నీళ్లగా తయారవుతోంది.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: జాడీ వల్ల కాదు, ఐసు వల్ల. ఫ్రీజర్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచిన ఐసు మీద నీళ్లు పట్టి ఉంటాయి. ఆ నీళ్లన్నీ డ్రింక్‌లోకి చేరతాయి. చిన్నముక్కలు, పొడిగా కొట్టిన ఐసు ఇంకా తొందరగా కరుగుతాయి. పెద్ద ముక్కలు ఆరేడు, వాడే నిమిషంలోనే తీసి వేయండి. 12 సెకన్లు ఊపితే 30 నుంచి 40 మి.లీ. నీరు చేరుతుంది. అది కావలసిన నీరే, లేకపోతే విస్కీ గొంతులో మండుతుంది. ఊపిన ఐసుతో సహా గ్లాసులో పోయకండి. వడకట్టి, గ్లాసులో కొత్త ఐసు వేసుకోండి.

ఊరగాయ జాడీకి మాత్రం ఇంగువ, ఆవపిండి వాసన, నూనె జిడ్డు ఎంత కడిగినా మూత రబ్బరులో మిగులుతాయి. వెడల్పు మూతి ఉన్న స్టీలు నీళ్ల సీసా వాడండి, దాని గోడ ఒకే పొరదైతే చల్లబడటం చేతికి తెలుస్తుంది. అల్యూమినియం వద్దు, నిమ్మ పులుపుకి లోహపు రుచి దిగుతుంది. ఐసు ట్రే మీద మూత లేకపోతే ఫ్రీజర్‌లోని చేపల వాసన కూడా గ్లాసులోకి వస్తుంది.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటున్నాం. ఇక్కడి లైమ్‌తో చేయాలా, లెమన్‌తోనా?
– ఒక పాఠకుడు

జవాబు: లెమన్‌తోనే, 25 మి.లీ. రసం, 20 మి.లీ. పాకం. మేయర్ లెమన్ అయితే పులుపు తక్కువ, పాకం 15కి తగ్గించండి. మెక్సికన్ దుకాణాల్లో కీ లైమ్ పేరుతో వచ్చే చిన్న కాయలు మన నిమ్మ జాతివే, వాటికి మొదటి జవాబులో చెప్పిన 20 మి.లీ. రసం, 22 మి.లీ. పాకం కొలత పనికొస్తుంది. అక్కడి సీసాల మీద ప్రూఫ్ అంకె శాతానికి రెట్టింపు ఉంటుంది. 100 ప్రూఫ్ బర్బన్ అంటే 50 శాతం, దాన్ని 50 మి.లీ.కి తగ్గించుకోండి.

ప్రశ్న: పాకం, నిమ్మ బదులు నిమ్మరుచి కూల్‌డ్రింక్ పోస్తే?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: తీపి విస్కీ అవుతుంది, సవర్ అవ్వదు. వాటిలో పులుపు నామమాత్రం. గ్యాసు ఉన్నదేదీ షేకర్‌లో వేసి ఊపకండి, మూత ఎగిరిపోతుంది. సోడా ఇష్టమైతే సవర్‌ని వడకట్టాక పొడుగు గ్లాసులో పోసి, పైన 60 మి.లీ. సోడా చేర్చుకోండి.

ప్రశ్న: ఎనిమిదిమందికి చేయాలి. ముందే కలిపి ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సగం పని ముందే చేసుకోవచ్చు. 480 మి.లీ. విస్కీ, 176 మి.లీ. పాకం కలిపితే 656 మి.లీ., ఖాళీ ఫుల్ బాటిల్‌లో పడుతుంది. పాకానికి 110 గ్రాముల పంచదార, 110 మి.లీ. నీళ్లు తీసుకోండి. ఈ మిశ్రమం ముందురోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టినా చెడదు. నిమ్మరసం మాత్రం ఇందులో కలపొద్దు. అతిథులు రావడానికి గంట ముందు 16 కాయలు పిండి, 160 మి.లీ. విడిగా ఉంచండి. గుడ్లు నాలుగు.

ఒకేసారి ఎనిమిది గ్లాసులకి ఊపాలని చూడకండి. సీసా నిండిపోతే లోపల కదలడానికి చోటుండదు, చల్లబడదు, నురగ రాదు. రెండేసి గ్లాసులు చేయండి. 164 మి.లీ. మిశ్రమం, 40 మి.లీ. రసం, ఒక గుడ్డు తెల్లసొన. ఇంటి ఐసు ట్రే ఒక విడతకే అయిపోతుంది కాబట్టి రెండు కిలోల ఐసు తెప్పించుకోండి. ఇది తాగేనీళ్లతో చేసిన ప్యాకెట్ ఐసు అయ్యుండాలి, చేపల మార్కెట్ గడ్డ కాకూడదు.