యూకేలో రోజూ వాడే వస్తువుల్లో బ్రిటిష్ డిజైన్ గొప్పతనం నిజంగా కనిపిస్తుందా?

చదువుకోవడానికి లండన్ వెళ్తున్నానని, ఎర్ర బస్సు, ఎర్ర ఫోన్ బూత్ తప్ప బ్రిటిష్ డిజైన్‌లో ఇంకేముందని అడిగారు. లండన్‌లోని హౌన్‌స్లోలో ఏడేళ్లు ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. నిజంగా కనిపిస్తుంది. మా అమ్మ మా దగ్గరికి వచ్చిన ఏడాది నాకది బాగా అర్థమైంది.

అమ్మ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, మాట్లాడటం మాత్రం రాదు. వచ్చిన మూడో వారానికే లండన్‌కి ఆ చివరన ఉన్న ఈస్ట్‌హామ్‌లో గుడికి ఒక్కతే వెళ్తానంది. నాకు ఒకటే టెన్షన్. అమ్మ మాత్రం "నీలం రైలెక్కి హామర్‌స్మిత్‌లో దిగాలి, ఎదురుగా వచ్చే పచ్చ రైలెక్కాలి, అంతేగా" అని బయల్దేరింది. చక్కగా వెళ్లొచ్చింది.

ఆ ధైర్యం ఆమెకి ఇచ్చింది ట్యూబ్ మ్యాప్, అంటే ఒక్కో లైనుకి ఒక్కో రంగు వేసి చూపించే లండన్ భూగర్భ రైళ్ల మ్యాప్. 1931లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ గీశాడు. భూమ్మీద నిజమైన వంపులు, దూరాలు వదిలేసి, కరెంటు సర్క్యూట్ బొమ్మలా నిలువు, అడ్డం, ఏటవాలు గీతలే ఉంచాడు. మొదట వద్దన్నారు, 1933లో అచ్చువేశారు. రైల్లో కూర్చున్నవాడికి కావాల్సింది ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి అన్నదే కదా. దీనికో లోటూ ఉంది: లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ స్టేషన్ మ్యాప్‌లో మిగతా స్టేషన్లంత దూరంలాగే కనిపిస్తుంది, నడిస్తే ఐదు నిమిషాలు కూడా పట్టదు. అక్కడ రైలెక్కకండి.

స్టేషన్ పేర్ల అక్షరాలు కూడా గమనించండి. ఆ రైల్వే అధికారి ఫ్రాంక్ పిక్ అడిగితే ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే అక్షరాల కళాకారుడు గీసిన అక్షరాలవి, 1916 నుంచి వాడుతున్నారు. చిన్న 'ఎల్' అక్షరానికి అడుగున చిన్న తోక ఉంటుంది, ఒకటి అంకె అనో పెద్ద 'ఐ' అనో పొరబడకుండా. అమ్మలా ఒక్కో అక్షరం చదువుకునేవాళ్లకి ఆ తోక ఎంత అవసరమో!

ఇక ఇంట్లో ప్లగ్. మన దగ్గరి గుండ్రటి మూడు పిన్నులది కూడా బ్రిటన్ పాత పద్ధతే. ఇప్పుడు వాళ్లు వాడే పలక పిన్నులది 1947లో వచ్చింది. పైన ఉండే ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడవు. అది ముందు లోపలికి వెళ్లి, కింది రెండు కన్నాలకి ఉన్న చిన్న తలుపుల్ని తెరుస్తుంది. అప్పటికి మా పాప పాకే వయసు, చేతికి ఏది దొరికితే అది కన్నాల్లో పెట్టేది. ఆ తలుపుల వల్ల నేను ఎంత నిశ్చింతగా ఉన్నానో చెప్పలేను. ప్లగ్‌లోనే ఫ్యూజ్ కూడా ఉంటుంది. కింద పడితే మాత్రం పిన్నులు పైకి లేచి ఉంటాయి, చీకట్లో కాలేస్తే ప్రాణం పోయినంత నొప్పి!

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం చాలామంది చూడనే చూడరు. రోడ్డు దాటే చోట బటన్ నొక్కే డబ్బా ఉంటుంది కదా, దాని అడుగున బొటనవేలంత శంకువు ఒకటి ఉంటుంది. పచ్చ మనిషి బొమ్మ వెలగగానే అది గిర్రున తిరుగుతుంది. చూపు లేనివాళ్లు, చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లు దాన్ని వేళ్లతో పట్టుకుని ఎప్పుడు దాటాలో తెలుసుకుంటారు. మా వీధి చివర ఒక పెద్దాయన రోజూ అలాగే దాటేవారు. ఆయన్ని చూసేదాకా నాకూ తెలియదు. వెళ్లాక ఆ డబ్బా కింద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. అన్నిచోట్లా ఉండదు, లేకపోతే తర్వాతి క్రాసింగ్ దగ్గర చూడండి.