ర్యాక్ కొనే ముందు ఒకసారి జాకీ ఎత్తు

జయపురం,
కొరాపుట్ జిల్లా

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారు స్టీరింగ్ బరువుగా తిరుగుతోందనీ, మలుపు దాటాక దానంతట అది నేరుగా రావట్లేదనీ రాశావు. రాయగడలో చూసినవాళ్లు ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాల్ని పక్కకి నెట్టే పళ్ల కడ్డీ, మార్చెయ్యమన్నారట. తొందరపడకు నాయనా. ఆ బండి కొత్తగానీ దాని ముందు సస్పెన్షన్ నాకు కొత్త కాదు. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌దీ అదే కుదురు. సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకుని ఇక్కడికొచ్చాక నేను ఎన్ని హెరాల్డులు విప్పానో లెక్కలేదు.

మొదట టైర్లు. పొద్దున్నే బండి తియ్యకముందు గాలి చూడు. గాలి కొట్టేచోట నాలుగింటికీ ఒకటే కొట్టేస్తారు. దీనికి ముందు తక్కువ, వెనక ఎక్కువ ఉండాలి. లెక్క హ్యాండ్‌బుక్కులో ఉంటుంది. అంతకంటే కూడా తగ్గితే స్టీరింగ్ బరువెక్కడం మామూలే.

గాలి సరిగ్గా ఉంటే ముందు చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద నిలబెట్టు. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకు. రెండువైపులా టై రాడ్ ఎండ్‌లు, అంటే ర్యాక్‌ని చక్రాలకి కలిపే కీళ్లు, విప్పి స్టీరింగ్ తిప్పు. అప్పటికీ బిగుతుగానే ఉంటే ర్యాక్‌నో, స్టీరింగ్ నుంచి దానికి దిగే కాలమ్‌నో అనుమానించు. తేలిగ్గా తిరిగితే ర్యాక్ తప్పేం లేదు. ఇక ఒక్కో చక్రాన్నీ చేత్తో ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పు. పట్టేసినచోటే రోగం. నువ్వు రాసినదాన్నిబట్టి నా అనుమానమంతా కింది ట్రనియన్ మీదే.

చక్రాన్ని మోసే నిలువు లింకు అడుగున మరలుంటాయి. అవి ఇత్తడి రంగు దిమ్మలో తిరుగుతాయి, ఆ దిమ్మే ట్రనియన్. దానికి పట్టాల్సింది గ్రీజు కాదు, 90 గేర్ ఆయిల్. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకాయన హెరాల్డ్‌ని గేటులోంచి వెనక్కి తీస్తుంటే కుడి చక్రం పక్కకి వాలిపోయింది. లింకు మరల దగ్గర పుటుక్కున విరిగింది. ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది: సగం మేర పాత తుప్పుతో నల్లగా, మిగతా సగం అప్పుడే విరిగి తెల్లగా. ఏళ్లపాటు గ్రీజే కొట్టారు దానికి. అది గట్టిపడి దారి మూసుకుపోయింది, నీళ్లు మాత్రం దిగాయి. గేటు దగ్గర కాకుండా సుంకి ఘాట్ కొండ మలుపుల్లో విరిగి ఉంటే? ఆ తలపు నన్నింకా వదల్లేదు.

అందుకే విప్పి మరలు కళ్లారా చూడు. తుప్పు గుంటలుంటే లింకు మార్చాల్సిందే, వెల్డింగ్ మాటెత్తితే ఒప్పుకోకు. బాగుంటే శుభ్రం చేసి బిగించి, గ్రీజు గన్నులోనే ఆయిల్ పోసి, పైనుంచి ఉబికేదాకా కొట్టు. 6,000 మైళ్లకోసారి అంటారు. మన వానలకి అంతదాకా ఆగొద్దు.

విప్పావు కనుక ఇంకొకటి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే ఎవరిచేతైనా బ్రేక్ తొక్కించు. ఆట పోతే బేరింగ్, పోకపోతే ట్రనియనో పై బాల్ జాయింటో. ర్యాక్‌ని పట్టే రబ్బరు బుష్షులు ఆయిల్ తాగి మెత్తబడ్డాయేమో వేలు పెట్టి చూడు.

అన్నీ బిగించాక అలైన్‌మెంట్ చేయించి, ముందు ఊళ్లోనే నెమ్మదిగా నాలుగు రోజులు తిప్పు. ఆ తర్వాతే లక్ష్మీపూర్ మీదుగా ఇటు రా. మరలు ఎలా ఉన్నాయో మాత్రం విప్పిన రోజే ఫోటో తీసి పంపు. అత్తయ్య నిన్ను అడిగింది.

మీ మావయ్య