ఎక్కడికి సరే, ఏ నెలలో?

ఏడాది పాటు దేశాలు తిరిగొచ్చి రాసిన యాత్రా వ్యాసాలకి పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు, వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్ర: ఏడాదంతా తిరిగారు కదా, మీకు అన్నిట్లోకీ నచ్చింది ఏది? "అన్నీ బాగున్నాయి" అని తప్పించుకోకుండా ఒక్కటే చెప్పండి.

జ: ఒక్కటే అంటే బొలీవియాలో ఉన్న సలార్ దె ఉయుని. ఉప్పు మైదానం అండీ, పది వేల చదరపు కిలోమీటర్లు దాటి ఉంటుంది, ఎప్పటివో పాత సరస్సులు ఎండిపోగా మిగిలిన ఉప్పు అదంతా, ఎంత చదునుగా ఉంటుందంటే శాటిలైట్లు ఎత్తులు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చెక్ చేసుకోడానికి దీన్ని వాడుకుంటారు. జనవరి నుంచి మార్చి దాకా వానలు, అప్పుడు పల్చగా నీళ్ళు నిలబడి పైనున్న ఆకాశం మొత్తం అద్దంలోలా కాళ్ళ కింద కనిపిస్తుంది, మీరు ఫొటోల్లో చూసేది అదే. నాకు మాత్రం నీళ్ళు లేని ఉయుని ఇంకా నచ్చింది. నేలంతా ఆరు మూలల గళ్ళు గీసినట్టు ఉప్పు గట్లు కట్టి ఉంటుంది, మధ్యలో ఇంకావాసి అనే దిబ్బ, దాని నిండా మనిషిని మించిన ఎత్తు కాక్టస్‌లు. వానలప్పుడు నీళ్ళు ఎక్కువుంటే జీపులు ఆ దిబ్బ దాకా పోలేవు, అందుకని అద్దం కావాలా దిబ్బ కావాలా అని ముందే తేల్చుకుని టికెట్ కొనండి, రెండూ ఒకే ట్రిప్‌లో అంటే లక్కు ఉండాలి. ఎత్తు 3,650 మీటర్లు, రాత్రి చలి గట్టిగానే ఉంటుంది, పగలు ఉప్పు మీద ఎండ పడి కళ్ళు తెరవనివ్వదు, నల్ల కళ్ళజోడు లేకుండా దిగొద్దు.

ప్ర: అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పెట్రా, అంగ్‌కోర్ వాట్‌లలో ఒకదానికి తీసుకెళ్ళాలని ఉంది. ఏది నయం?

జ: కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్, ఆలోచించక్కర్లేదు. జోర్డాన్‌లో కొండరాళ్ళు తొలిచి కట్టిన పాత నగరం పెట్రా గొప్పదే, కాదనను, కానీ అక్కడ సీక్ అనే ఇరుకు లోయే 1.2 కిలోమీటర్లు ఉంటుంది, అది దాటాకే ఖజానా అని పిలిచే ఆ రాతి ముఖద్వారం కనిపిస్తుంది, పోయేటప్పుడు పల్లం కాబట్టి తెలీదు, తిరిగొచ్చేటప్పుడు అదంతా ఎగుడే. బ్యాటరీ బండ్లు ఖజానా వరకే, పైనున్న మొనాస్టరీకి సుమారు 800 మెట్లు.

అంగ్‌కోర్‌లో గుడికీ గుడికీ మధ్య బండిలో తిరగొచ్చు. మెట్లు అసలు లేవని చెప్పను, కానీ మెల్లగా ఎక్కేస్తే మొదటి వసారా గోడల మీదే అసలు సరుకంతా ఉంది. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించిన విష్ణు ఆలయం కదా, తూర్పు వైపు వసారాలో క్షీరసాగర మథనం దాదాపు 49 మీటర్ల పొడవున చెక్కారు, ఒక పక్క 92 మంది అసురులు, ఇంకో పక్క 88 మంది దేవతలు, నడుమ విష్ణువు. అక్కడ గైడు అక్కర్లేదు, కథంతా అమ్మే మీకు చెప్తుంది. పై అంతస్తు మెట్లు మరీ నిటారుగా ఉంటాయి, అక్కడికి మీరొక్కరే వెళ్ళిరండి. అన్నట్టు ఈ గుడి పడమటి ముఖం, సూర్యుడు లేచేది దాని వెనక నుంచి, అందుకే సూర్యోదయం ఫొటో కోసం జనమంతా తెల్లారకముందే కొలను దగ్గర తోసుకుంటారు. గుడి ముందు భాగం మీద వెలుగు పడేది మాత్రం సాయంత్రం పూట, నా ఓటు దానికే. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో అయితే ఎండ కాస్త ఓర్చుకోవచ్చు.

ప్ర: ఐస్‌లాండ్‌లో అర్ధరాత్రి సూర్యుడినీ, నార్తర్న్ లైట్స్‌నీ ఒకే ట్రిప్‌లో చూడొచ్చా?

జ: అవ్వదండీ. లైట్స్ అంటే రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు, అవి కనబడాలంటే చీకటి పడాలి, జూన్‌లో అక్కడ చీకటే పడదు. లైట్స్‌కి సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా. మబ్బు పడితే ఎన్ని రాత్రులు కాచుకున్నా ఏమీ కనబడదు, జూన్ వెలుతురుకి ఆ బాధ లేదు, పైగా లోపలి కొండప్రాంతాల రోడ్లు తెరిచేది వేసవిలోనే.

ప్ర: మాచు పిచ్చులో ఊపిరి ఆడదట కదా, భయంగా ఉంది.

జ: పెరూలో ఇంకాల పాత కొండ నగరం మాచు పిచ్చు ఉన్నది 2,430 మీటర్ల ఎత్తులో, మీరు విమానం దిగే కుస్కో దాదాపు 3,400. అంటే ఇబ్బంది పెట్టేది కుస్కో అన్నమాట! విమానం దిగగానే కుస్కోలో ఆగకుండా దగ్గర్లోని సేక్రెడ్ వ్యాలీ అనే లోయకి దిగిపోండి, అందులో ఒయాంతైతాంబో అనే ఊరు సుమారు 2,800 మీటర్లే, అక్కడ రెండు మూడు రోజులు నిదానంగా గడిపి అక్కణ్నుంచే రైలెక్కండి, కుస్కో చివర్లో చూసుకోవచ్చు, అప్పటికి ఒళ్ళు అలవాటు పడుతుంది. ఉయుని కూడా మీ ప్లాన్‌లో ఉంటే అది ఆ తర్వాతే పెట్టుకోండి. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా బయల్దేరొద్దు.

ప్ర: యూరప్‌లోనే ఐదు నెలలు ఉందామనుకుంటున్నాం, ఏమంటారు?

జ: షెంజెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, టూరిస్టుగా ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకి మించి ఉండకూడదు, దేశం మారినా లెక్క మారదు. మధ్యలో టర్కీ, జార్జియా, అల్బేనియా లాంటివి పెట్టుకోండి, అవి ఆ లెక్కలోకి రావు, మూడూ బాగుంటాయి కూడా. పాత గైడు పుస్తకాల్లో క్రొయేషియాకి వెళ్ళి కూర్చోమని ఉంటుంది, 2023లో అదీ షెంజెన్‌లో చేరిపోయింది.

ప్ర: విక్టోరియా జలపాతం ఏప్రిల్‌లో చూస్తే బెస్ట్ అంటున్నారు, నిజమేనా?

జ: ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే సరిహద్దు మీదున్న ఈ జలపాతంలో నీళ్ళు ఎక్కువుండేది అప్పుడే, కానీ తుంపరలు ఎంతగా లేస్తాయంటే ఎదురుగా 108 మీటర్ల జలపాతం ఉన్నా తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు, తడవడం మాత్రం గ్యారంటీ. అలాగని అక్టోబర్, నవంబర్లలో పోతే జాంబియా వైపు చాలా చోట్ల ఉత్త బండలే ఉంటాయి. జూన్, జులై నడిమధ్య, ధార కూడా ఉంటుంది, అవతలి గట్టూ కనబడుతుంది. ఒక్క వైపే వెళ్ళే టైం ఉంటే జింబాబ్వే వైపు వెళ్ళండి, జలపాతం ఎక్కువ భాగం అటునుంచే ఎదురుగా కనిపిస్తుంది. ఫోన్‌కి మాత్రం నీళ్ళు చొరని కవరు తీసుకెళ్ళండి.